దస్కతు మాత్రమే ఆయనది

మా పార్టీ శాఖ సమావేశం ప్రతి శుక్రవారం పొద్దున ఏడింటికి జరిగేది. ఊరంతా ఆదివారం సెలవు పుచ్చుకుంటే పాతబస్తీ పత్తర్‌గట్టిలో మావాళ్లు పనిచేసే దుకాణాలకు శుక్రవారం బందు. మా తొమ్మిది మందిలో ఆరుగురు దుకాణాల్లో పనిచేసేవాళ్లే కాబట్టి విప్లవం కూడా శుక్రవారానికే సర్దుకుంది. యాకుత్‌పురా స్టేషన్‌కు పోయే దారిలో ఒక పాత మిద్దె మీద గది మాది. నేను కృష్ణా జిల్లా నుంచి వచ్చి మొఘల్‌పురాలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు పంతులుగా కుదిరినవాణ్ణి. చేతిరాత బాగుంటుందని నన్ను శాఖ కార్యదర్శిని చేశారు. అంతకు మించి నాలో ఏ గొప్పా చూసి చేయలేదు. ఆ సంగతి వాళ్లకూ తెలుసు, నాకూ తెలుసు.

ప్రతి సమావేశంలోనూ చివరి అంశం ఆత్మవిమర్శ. ఒక్కొక్కరే లేచి, ఆ వారంలో తాము చేసిన తప్పు ఏమిటో నలుగురి ముందూ ఒప్పుకోవాలి. కరపత్రాలు పంచడానికి రాలేదనో, పెళ్లాం మీద చెయ్యి చేసుకున్నాననో, పార్టీ పత్రిక చదవకుండానే చదివానని చెప్పాననో. నేను వాటిని మినిట్స్ పుస్తకంలో రాసేవాణ్ణి. ఆచారం మంచిదే. కాకపోతే ఆ వారం ఏ తప్పూ చేయనివాడు కూడా ఆ వేళకు ఏదో ఒకటి వెతుక్కోవాల్సి వచ్చేది.

మా శాఖలో ఒక దర్జీ ఉండేవాడు. నాకంటే పదిహేడేళ్లు పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన నన్ను పంతులూ అనేవాడు. పత్తర్‌గట్టిలో ఒక షేర్వానీల దుకాణం వెనక మిషను వేసుకుని కూర్చునేవాడు. నిజాం కాలంలో ఉర్దూ బడిలో చదువుకున్నాడు. మాట తెలుగు, రాత ఉర్దూ. తెలుగు అక్షరం ఒక్కటి చదవడం రాదు. పార్టీ పుస్తకాలన్నీ ఉర్దూలోనే చదివాడు, నిజం చెప్పొద్దూ, నాకంటే ఎక్కువే చదివాడు. పాతబస్తీలో మా వాళ్లు ఎవరు పోయినా వాళ్ల మీద కప్పే ఎర్రజెండా ఆయనే కుట్టేవాడు.

"అంచు రెండు మడతలు పెట్టి కుట్టాలె పంతులూ. పోయినోడు రిపేర్‌కు తేలేడు కద," అనేవాడు.

ఎనభైల్లో కార్మిక సంఘం తరఫున ఆయన్ను ఇరవై రోజులు రష్యా పంపారు. పోయేటప్పుడు కొత్త కోటు కుట్టుకుని పోయాడు. వచ్చేటప్పుడు కడుపునిండా ముచ్చట్లు పెట్టుకుని వచ్చాడు. అక్కడ వీళ్లను తిప్పి చూపించిన అమ్మాయికి ఉర్దూ వచ్చునట. ఆమె చెవిలో చెప్పినవి కొన్ని, ఈయన చూసి అల్లుకున్నవి కొన్ని. వాటిని ఎప్పుడు చెప్పేవాడనుకున్నారు? సరిగ్గా ఆత్మవిమర్శ వేళకే. లేచి, చేతులు కట్టుకుని, మొహం దీనంగా పెట్టి మొదలుపెట్టేవాడు.

"కామ్రేడ్స్, నా తప్పు ఒప్పుకుంటున్న. ఒక ముచ్చట కడుపుల దాచుకున్న, మీకు చెప్పలే. రష్యాల కోట్లు కుట్టే ఫ్యాక్టరీకి తీస్కపోయిండ్రు. మస్తు పెద్దది. ఒక కోటు తీసి చూసిన. ఎడమ చెయ్యి పొడుగు, కుడి చెయ్యి పొట్టి. గిదేంది భాయ్ అని మేనేజర్‌ను అడిగిన. ఆయనేమన్నడు? 'కోటుల తప్పేం లేదు కామ్రేడ్, ప్లాన్ ప్రకారమే కుట్టినం. మనుషులే ఇంకా ప్లాన్ ప్రకారం పెరుగుతలేరు' అన్నడు."

గది గొల్లుమనేది. ఆయన మాత్రం నవ్వకుండా కూర్చుని, "నా ఆత్మవిమర్శ ఖతం. రాసుకో పంతులూ," అనేవాడు.

ఇంకో శుక్రవారం గడియారం ముచ్చట. "ఒక ఊర్ల పార్టీ ఆఫీసు గడియారం ఆగిపోయింది. రిపేర్‌కు ఇయ్యాలంటే ఆగిపోయిందని ఒప్పుకోవాలె. ఎవడు ఒప్పుకుంటడు? గందుకని ఊరోళ్లందరిని గడియారాలు ఆపుకోమన్నరు. ఇగ ఇప్పుడు ఊరందరిదీ ఒకటే టైము. గింత ఐకమత్యం యాడున్నది చెప్పుండ్రి!"

నేను కళ్లు తుడుచుకుంటూ రాసేవాణ్ణి. ఆత్మవిమర్శ అంశం కింద ఎవరు ఏం చెబితే అది రాయాలన్నది నియమం. పైగా తెలుగు పంతుల్ని. ఆయన మాటతీరు పోకూడదని 'గందుకని'ని 'గందుకని'గానే దించాను, దీర్ఘం కూడా పోనివ్వలేదు. నా రాత మీద నాకున్న మురిపెమే కొంప ముంచింది.

తొంభై మొదట్లో అటు తూర్పు యూరప్‌లో ఒక్కొక్క సర్కారే కూలుతోంది. ఇక్కడ మా పై కమిటీ వాళ్లకు గుండెల్లో రాయి పడింది. భయపడ్డవాడికి ఎదుటివాడి నవ్వు కిట్టదు. అన్ని శాఖల మినిట్స్ పుస్తకాలూ తెప్పించి చదివారు. మా పుస్తకంలో ఆత్మవిమర్శ కింద ఈ ముచ్చట్లన్నీ ముత్యాల్లాంటి అక్షరాల్లో కనిపించాయి. నన్ను పిలిపించారు. కమిటీ నాయకుడొకాయన పుస్తకం బల్ల మీద నా వైపు తిప్పి పెట్టాడు.

"శత్రువుల ప్రచారం ఆత్మవిమర్శ పేరుతో సాగుతుంటే మీరు కూర్చుని రాసుకున్నారా? లేక మీరూ నవ్వారా?"

నవ్వాను. పొట్ట పట్టుకుని నవ్వాను. ఆ ఒక్క మాట అనుంటే సరిపోయేది. కానీ నగర కమిటీలోకి తీసుకునే వాళ్ల జాబితాలో నా పేరు ఉందని అంతకు వారం ముందే ఎవరో చెవిన వేశారు. వివరంగా నివేదిక రాసి ఇమ్మన్నారు. రెండు పేజీలు రాశాను. "సోషలిస్టు దేశాల పట్ల అపహాస్య ధోరణి" అని మొదలుపెట్టి, కింద ముచ్చట్లు ఒకటి, రెండు, మూడు అని వరసపెట్టాను. నెల తిరక్కుండా ఆయన్ను పార్టీ నుంచి తీసేశారు. నన్ను నగర కమిటీలోకీ తీసుకోలేదు, అది వేరే సంగతి.

కార్యదర్శిని నేనే కాబట్టి ఆ కబురు ఆయనకు చెప్పాల్సిందీ నేనే. దుకాణానికి వెళ్లి, మిషను పక్కన నిలబడి, తల వంచుకుని చెప్పాను. ఆయన సూదిలోకి దారం ఎక్కిస్తున్నాడు. ఎక్కించి, కొస ముడేశాడు.

"తీసేసిండ్రా? సరే. లొల్లి చేసేటోణ్ణి కాదు నేను," అన్నాడు. తర్వాత కాసేపటికి, "ముచ్చటలన్ని రాసినవు గానీ పంతులూ, అందరం నవ్వినమని రాయకపోతివి. అది రాసుంటే తొమ్మిది మందిని తియ్యాల్సి వస్తుండె," అన్నాడు.

కోపంగా అనలేదు. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

ఆ తర్వాత ఏడాదికో ఎంతకో ఆ దేశమే లేకుండా పోయింది. పేపరు చదివి నేను ఉండబట్టలేక పత్తర్‌గట్టికి వెళ్లాను. ఎందుకు వెళ్లానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. ఆయన గెలిచినట్టు మాట్లాడితే, నాలుగు మాటలు అంటే, పడి రావాలని. లెక్క సరిపోతుందనుకున్నాను. వెళ్లేసరికి మిషను మీద గుడ్డ కప్పి ఉంది. ఆయన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"కుష్ అయితననుకున్నవా?" అన్నాడు నన్ను చూడగానే. "ఇంట్ల పెద్దమనిషి మీద నవ్వుతం పంతులూ. గురక పెడ్తడని నవ్వుతం, మతిమరుపని నవ్వుతం. సచ్చిపోవాలెనని నవ్వుతమా? మంచిగ కావాలెనని నవ్వుతం. గా దేశం మంచిగ కావాలెనని నవ్విన నేను."

అంటూ పెద్దమనిషి వెక్కి వెక్కి ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది. బయట షేర్వానీల దుకాణంలో ఎవరిదో పెళ్లిబట్టల బేరం జరుగుతోంది. ఈ ఇద్దరికీ ఏమైందోనని దుకాణం సేటు తొంగిచూసి, ఏమనుకున్నాడో, రెండు చాయ్‌లు పంపాడు.

పదేళ్లు ఎలా గడిచాయో గడిచాయి. మా మిద్దె మీది గది కంప్యూటర్ నేర్పే సెంటరయింది. తొమ్మిది మందిలో ముగ్గురు పోయారు, ఇద్దరు స్థలాల బేరాల్లోకి దిగారు. ఆ రోజు నన్ను నిలదీసిన నాయకుడు నాలుగేళ్లకే కండువా మార్చి అధికారంలో ఉన్నవాళ్లలో కలిశాడు. ఆయన్ను ఆత్మవిమర్శ చేసుకోమని అడిగినవాడు లేడు. రష్యా మీద అంతకంటే ముతక జోకులు మా వాళ్లే సభల్లో మైకు పట్టుకుని చెప్పసాగారు. జనం నవ్వేవాళ్లు. అన్న పేరు మాత్రం ఆ నివేదికలో అలాగే ఉండిపోయింది. విడ్డూరం ఏమిటంటే, ఎవరైనా పోతే జెండా కుట్టించుకోవడానికి మాత్రం మా వాళ్లు ఆయన దగ్గరికే వెళ్లేవాళ్లు. సభ్యత్వానికి పనికిరాని మనిషి చావులకు పనికొచ్చాడు. ఆయన కూడా కాదనకుండా కుట్టి ఇచ్చేవాడు, రెండు మడతలు పెట్టి.

రెండు వేలు దాటాక ఆయనకు ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. అప్పటికే రెడీమేడ్ బట్టలు వచ్చి మిషను పని సగం పడిపోయింది. మొఘల్‌పురాలో ఆయన ఇల్లు మా బడికి రెండు గల్లీల అవతల. పిల్లలు లేరు. ఆయన భార్య ఇంట్లోనే కూర్చుని దుకాణాల వాళ్లకు చేత్తో గుండీల కాజాలు కుట్టేది. ఆమె నన్ను తమ్మీ అనేది. నేను వదినా అనేవాణ్ణి. నేను రాసిన నివేదిక సంగతి ఆమెకు తెలియదు. పార్టీలో ఏదో గొడవై బయటికి వచ్చాడనే అనుకునేది. అన్న నా పేరు ఎప్పుడూ ఎత్తలేదన్నమాట.

ఒకనాడు బడి వదిలాక వెళ్లాను. ఆమె లోపల చాయ్ పెడుతోంది. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"పంతులూ, నాకు ఇగ ఏ ఫికర్ లేదు. ఒక్కటే. నేను పోతే నా మీద ఎర్రజెండా పడాలె. మా అన్నను రజాకార్ల దినాలల్ల కాల్చి సంపిండ్రు. పీనుగ కూడ మాకు ఇయ్యలే. ఎక్కడ పాతిపెట్టిండ్రో ఎర్కలే. మీద గుడ్డపీలిక పడ్డదో లేదో. అందరికి కుట్టిన గద నేను, ఎందరికో కుట్టిన. ఆయనకు పడనిది నాకన్న పడాలె. పడ్తదా?"

పార్టీ సభ్యుడికి తప్ప జెండా కప్పరు. ఆ నియమం మాకు ఇద్దరికీ తెలుసు.

"పడుతుందన్నా. ఆ పూచీ నాది," అన్నాను. ఆ క్షణాన నేనెంత సంతోషపడ్డానో చెప్పలేను. నేను తీయించిన సభ్యత్వం నేనే తిరిగి ఇప్పించే వీలు దొరికింది కదా అని. మర్నాడే కమిటీ ఆఫీసుకు వెళ్లాను. కొత్తగా వచ్చిన కార్యదర్శి కుర్ర వయసువాడు, మర్యాదస్తుడు. పాత ఫైలు తీయించి చదివాడు. కోటు ముచ్చట దగ్గర పెదవి బిగబట్టుకున్నాడు, నేను చూశాను.

"ఇందులో ఏముందండీ, ఇప్పుడు అందరూ అనేదే కదా," అన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది. అంతలోనే, "కానీ పద్ధతి పద్ధతే. ఆత్మవిమర్శ ఉత్తరం ఒకటి ఇప్పించండి. తప్పు చేశానని రెండు ముక్కలు రాసిస్తే చాలు, తీసేసుకుంటాం," అన్నాడు.

ఏ దేశం మీద నవ్వాడని తీసేశారో ఆ దేశం లేదు. ఎవరు తీసేశారో వాళ్లు పార్టీలో లేరు. నవ్వడం తప్పని ఇప్పుడు ఎవరూ అనుకోవడం లేదు. అయినా తప్పు మాత్రం ఫైల్లో భద్రంగా ఉంది, క్షమాపణ కోసం ఎదురుచూస్తూ.

అన్నతో చెప్పాను. మంచం మీద లేచి కూర్చుని నవ్వాడు. దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

"ఆ గడియారం గిక్కడికే వచ్చినట్టున్నది పంతులూ!" అన్నాడు. తర్వాత ఆయాసం తగ్గాక నెమ్మదిగా, "మాఫీ అంటే రాయను. నేను తప్పు చేయలే. ప్రేమ ఉన్నోడే నవ్విండు. కావాలంటే ఇంకో ముచ్చట రాసిస్త, తీస్కపో," అన్నాడు.

ఎంత చెప్పినా వినలేదు. నేనూ మొండివాణ్ణే. డాక్టరు ఆర్నెలలో ఎనిమిది నెలలో బతుకుతాడన్నాడు. నాకు తొందర పట్టుకుంది. ఆయనకు జెండా కావాలి, ఆ కోరిక ఆయనది. ఉత్తరం ఉత్త కాగితం, ఫైల్లో పడుంటుంది, ఎవరు చూడొచ్చారు? అలా నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అబద్ధం ఆడేవాడికి ముందు తననే ఒప్పించుకోవడం వస్తుంది.

ఇంట్లో కూర్చుని ఆ ఉత్తరం నేను రాశాను. రెండు ముక్కలు చాలన్నాడా, పంతులు బుద్ధి ఎక్కడికి పోతుంది, ఒక పేజీ రాశాను. "శ్రామికవర్గ రాజ్యం మీద విషం చిమ్మాను" అని రాశాను. "నా నవ్వు శత్రువుల నవ్వని ఆలస్యంగా గ్రహించి సిగ్గుపడుతున్నాను" అని రాశాను. కమిటీ మెచ్చాలి కదా. పట్టుకుని మొఘల్‌పురా వెళ్లాను.

"దరఖాస్తు అన్నా. సభ్యత్వం తిరిగి ఇవ్వమని. దస్కతు పెట్టు."

"మాఫీ గిట్ల రాసినవా?"

"లేదన్నా."

"జర చదువు."

ఆయనకు తెలుగు రాదు. కాగితం కళ్లకు ఎదురుగా పెట్టుకుని, అందులో లేని మాటలు చదివాను. "అయ్యా, నేను ఇన్నేళ్లుగా పార్టీకి సేవ చేశాను. జెండాలు కుట్టాను. నా సభ్యత్వం నాకు ఇవ్వగలరు." అలా నోటికొచ్చినట్టు నాలుగు వాక్యాలు. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు.

"మంచిగ రాసినవు పంతులూ. జెండాల సంగతి కూడ రాసినవు," అని కలం తీసుకుని, కుడి నుంచి ఎడమకు, ఉర్దూలో నిదానంగా దస్కతు పెట్టాడు.

నెల లోపలే సభ్యత్వం వచ్చింది. కమిటీ ఆఫీసు మేడ మీద జరిగే శాఖ సమావేశంలో ప్రకటిస్తామన్నారు. అలాంటి ఉత్తరం సమావేశంలో పైకి చదవడం రివాజు. నాకు తెలియక కాదు, నేనే కార్యదర్శిగా ఎన్నోసార్లు చదివాను. కానీ మంచం దిగలేని మనిషి సమావేశానికి వస్తాడా అనుకున్నాను. ఆయనకు తేదీ చెప్పలేదు. ఎవరో శుభవార్త కదా అని వెళ్లి చెప్పారు.

వచ్చాడు. వదిన ఆటోలో తీసుకొచ్చి, మెట్లు ఒక్కొక్కటే ఎక్కించి, గుమ్మం దగ్గర వదిలి కిందికి వెళ్లి కూర్చుంది. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. గడ్డం గీయించుకున్నాడు. పన్నెండేళ్ల తర్వాత సమావేశంలో కూర్చుంటున్నానని ఆ మొహం వెలిగిపోతోంది. లేచి ఆపుదామనుకున్నాను. ఏమని ఆపాలి?

కుర్ర కార్యదర్శి ఉత్తరం తీసి చదివాడు. స్పష్టంగా, తప్పులు లేకుండా చదివాడు. విషం చిమ్మాను అన్నదాకా అన్న ఎవరి సంగతో అన్నట్టు వింటున్నాడు. నా నవ్వు శత్రువుల నవ్వు అన్న దగ్గర ఆయన తల మెల్లగా నా వైపు తిరిగింది. నేను నేల చూపులు చూశాను. చదవడం అయింది.

"ఇది మీరు రాసిందే కదా కామ్రేడ్?" అని అడిగాడు కార్యదర్శి. అది కూడా పద్ధతే.

గదిలో పది మంది ఉన్నారు. కాదు అంటే చాలు. ఈ పంతులు నన్ను మోసం చేసిండు అంటే చాలు. ఆయనకు ఊపిరి అందడానికి కొంచెం సేపు పట్టింది.

"దస్కతు నాదే," అన్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ తర్వాత ఆయన ఐదు నెలలు బతికాడు. నేను వారానికి రెండుసార్లు వెళ్లేవాణ్ణి. రమ్మనేవాడు, కూర్చోమనేవాడు, చాయ్ తాగమనేవాడు. నల్లా నీళ్ల సంగతి, ఎండల సంగతి మాట్లాడేవాడు. కానీ నా ముందర మళ్లీ ఒక్క ముచ్చట చెప్పలేదు. ఒక్కసారి ధైర్యం చేసి, "అన్నా, ఆ ఉత్తరం..." అన్నాను. "జర ఫ్యాన్ తక్కువ చెయ్యి పంతులూ, చలి పెడ్తున్నది," అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మళ్లీ ఎత్తే మొహం నాకు లేకపోయింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని బళ్లో పిల్లలకు చెప్పేవాణ్ణి. తొక్కడం నాకు వచ్చింది, కడుక్కోవడం రాలేదు.

ఆయన పోయినరోజు పొద్దున పదింటికల్లా గల్లీ నిండింది. ఇంటి ముందర చాప మీద పడుకోబెట్టారు. కమిటీ వాళ్లు వచ్చి, మడత విప్పి, ఎర్రజెండా కప్పారు. నాలుగు మూలల్లో ఒక మూల నేనూ పట్టుకున్నాను. పిడికిళ్లెత్తి జోహార్లు చెప్పారు. నా పూచీ నెరవేరింది. అబద్ధమాడితే ఆడానుగానీ, ఆయనకు కావలసింది ఇప్పించాను అనుకున్నాను. ఆ అనుకోవడానికి ఆయుష్షు రెండు నిమిషాలు.

కుర్ర కార్యదర్శి మాట్లాడాడు. పాపం అతను మంచి ఉద్దేశంతోనే మాట్లాడాడు. "ఈ కామ్రేడ్ ఒకప్పుడు దారి తప్పినా, పార్టీ మీద విషం చిమ్మినా, చివరికి తన తప్పు తాను ఒప్పుకుని, సిగ్గుపడి, క్షమాపణ రాసి ఇచ్చిన గొప్ప మనిషి. అలాంటి క్రమశిక్షణ నేటి తరానికి ఆదర్శం."

వదిన ఆయన తల దగ్గర కూర్చుని ఉంది. ఆమె ఏడుపు ఆగిపోయింది. చుట్టూ చూసి, నన్ను వెతికి, దగ్గరికి రమ్మంది. వంగాను.

"ఏం తప్పు చేసిండని అంటున్నరు తమ్మీ? విషమేంది? మాఫీ ఏంది? ఈయన మాఫీ రాసే మనిషా?"

నేను జెండా అంచు సర్దుతూ ఉండిపోయాను.

"గా దినం మీటింగ్ నుంచి ఇంటికి వచ్చి, నేను పోతే నా మీద ఏం కప్పకుండ్రి, జెండా అసలే వద్దు అన్నడు. ఎందుకంటే చెప్పలే. జొరం మాటలనుకున్న నేను. అంతకు ముందు నెలనే గద జెండా జెండా అని కలవరించిండు. ఏమైంది తమ్మీ గా దినం? నువ్వున్నవు గద ఆడ?"

ఆయన ఆమెకు కూడా చెప్పలేదు. ఐదు నెలలు ఒకే గదిలో పడుకుని, ఆమెకు కూడా చెప్పకుండా నన్ను కాపాడాడు. తనకు జీవితంలో మిగిలిన ఒక్క కోరికనూ వదులుకున్నాడు గానీ, నా పేరు బయటపెట్టలేదు.

"ఆయన ఏ తప్పూ చేయలేదు వదినా," అన్నాను. "ఆ ఉత్తరం నేను రాశాను. అందులో ఏముందో ఆయనకు చెప్పకుండా దస్కతు పెట్టించాను. అంతకు ముందు పార్టీ నుంచి తీసేయడానికి కాగితం రాసిందీ నేనే."

మెల్లగానే అన్నాననుకున్నాను. చుట్టూ ఉన్నవాళ్లందరికీ వినిపించింది. కార్యదర్శి మొహం పాలిపోయింది. వదిన నన్ను తిట్టలేదు, చెయ్యెత్తలేదు. నా మొహంలోకి చాలాసేపు చూసింది.

"నువ్వు కప్పించినవు. నువ్వే తియ్యి," అంది.

తీశాను. గల్లీ అంతా చూస్తుండగా, ఆయన మీది నుంచి ఎర్రజెండా నా చేతులతో నేనే తీశాను. కింద తెల్లగుడ్డ ఉంది. దాని కొస సర్దబోతే ఆమె నా చెయ్యి తోసేసి తనే సర్దుకుంది. ఆయన చెల్లెలి కొడుకు నిప్పు కుండ పట్టుకున్నాడు. పాడె ఎత్తే వేళకు, అలవాటుగా, భుజం పట్టడానికి ముందుకు వెళ్లాను.

"వద్దు తమ్మీ," అంది ఆమె.

వేరే ఎవరో నా చోట భుజం పట్టారు. జెండా చంకలో పెట్టుకుని, పురానాపూల్ శ్మశానం దాకా అందరికంటే వెనక నడిచాను.